గ్రేస్ హాపర్

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే హాపర్ (1906 డిసెంబరు 9 - 1992 జనవరి 1) అమెరికాకు చెందిన గణిత శాస్త్రవేత్త, కంప్యూటరు శాస్త్రవేత్త, నౌకాదళ అధికారిణి. తొలితరం కంప్యూటర్లలో ఒకటైన హార్వర్డ్ మార్క్-1 కు ప్రోగ్రాములు వ్రాసిన మొదటి కొద్దిమందిలో ఈమె ఒకరు. ప్రోగ్రాము వ్రాసే పనిలో కొంత భాగాన్ని కంప్యూటరు చేతనే చేయించవచ్చునని నిరూపించిన తొలి కంపైలర్లను ఈమె రూపొందించింది. ఈమె నాయకత్వంలో తయారైన ఫ్లో-మాటిక్ భాష, వ్యాపార రంగంలో దశాబ్దాల పాటు రాజ్యమేలిన కోబాల్ భాషకు ప్రధాన ఆధారమయింది. 1944లో మొదలైన ఈమె కంప్యూటరు జీవితం మరణించే వరకు, అనగా దాదాపు 48 సంవత్సరాలు, కొనసాగింది. కంప్యూటరు వాడకం గణిత పండితులకు మాత్రమే పరిమితం కారాదన్నది ఆ కాలమంతటా ఈమె పట్టుదల.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రేస్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో జన్మించింది. తండ్రి వాల్టర్ ఫ్లెచర్ ముర్రే, తల్లి మేరీ కాంప్‌బెల్ వాన్ హార్న్. ముగ్గురు సంతానంలో గ్రేస్ పెద్దది. ఈమె ముత్తాత అలెగ్జాండర్ రస్సెల్ అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా పనిచేశాడు. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని ఇంట్లో ఉన్న ఏడు గడియారాలనూ ఒకదాని తరువాత ఒకటి విప్పేసింది. విషయం తెలిసిన తల్లి ఇకపై ఒక గడియారంతోనే సరిపెట్టుకోవాలని నియమం పెట్టింది.

పదహారేళ్ళ వయసులో వాసర్ కళాశాలలో ప్రవేశానికి ప్రయత్నించగా లాటిన్ భాషలో మార్కులు తక్కువైనందున సీటు రాలేదు. మరుసటి సంవత్సరం ప్రవేశం పొంది, 1928లో గణితం, భౌతిక శాస్త్రాలలో పట్టభద్రురాలయింది. యేల్ విశ్వవిద్యాలయం నుండి 1930లో మాస్టర్స్ పట్టా, 1934లో గణితంలో డాక్టరేటు పొందింది. 1930లో విన్సెంట్ ఫోస్టర్ హాపర్‌ను వివాహమాడింది. 1945లో వారు విడాకులు తీసుకున్నారు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, భర్త ఇంటిపేరును మాత్రం జీవితాంతం ఉంచుకుంది. 1931 నుండి వాసర్ కళాశాలలోనే గణితం బోధిస్తూ 1941 నాటికి అసోసియేట్ ప్రొఫెసర్ అయింది.

నౌకాదళంలో ప్రవేశం

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రవేశించిన తరువాత హాపర్ నౌకాదళంలో చేరాలని నిశ్చయించుకుంది. అప్పటికి ఆమె వయసు నిబంధనలకు మించినది. పైగా ఉండవలసిన కనీస బరువు కంటే 15 పౌండ్లు తక్కువ. ప్రత్యేక మినహాయింపు సంపాదించి, కళాశాలకు సెలవు పెట్టి, 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వులోని మహిళా విభాగమైన వేవ్స్‌లో చేరింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్మిత్ కళాశాలలో జరిగిన అధికారుల శిక్షణలో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణురాలై, 1944 జూలైలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని నౌకాదళ గణన కేంద్రంలో నియమితురాలయింది.

హార్వర్డ్ మార్క్-1

ఆ కేంద్రానికి అధిపతి హోవార్డ్ ఐకెన్. ఐబీఎం సంస్థ నిర్మించిన మార్క్-1 యంత్రం 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువు ఉండేది. రిలేలు, తిరిగే చక్రాలు, ఇరుసులతో నడిచే ఈ యంత్రం సెకనుకు మూడు కూడికలు చేయగలిగేది. ఒక గుణకారానికి దాదాపు ఆరు సెకన్లు పట్టేది. ఆదేశాలను పొడవాటి కాగితపు పట్టీ మీద రంధ్రాల రూపంలో అందించేవారు. రాబర్ట్ కాంప్‌బెల్, రిచర్డ్ బ్లాక్ అప్పటికే అక్కడ ప్రోగ్రాములు వ్రాస్తూ ఉన్నారు. హాపర్ వారికి తోడయింది.

యుద్ధ అవసరాల కోసం యంత్రం రాత్రింబవళ్ళు నడిచేది. 1944లో జాన్ వాన్ న్యూమన్ తెచ్చిన ఒక లెక్కను కూడా ఈ బృందం చేసి ఇచ్చింది. అది అణుబాంబు తయారీకి సంబంధించినదని వారికి అప్పట్లో తెలియదు. ఐకెన్ ఆదేశం మేరకు హాపర్ మార్క్-1 వాడకంపై 500 పేజీలకు మించిన గ్రంథాన్ని సిద్ధం చేసింది. 1946లో వెలువడిన ఈ పుస్తకం కంప్యూటరు ప్రోగ్రాముల రచన గురించి వచ్చిన తొలి పుస్తకాలలో ఒకటి.

ఇక్కడి అనుభవమే ఆమె తరువాతి కృషికి బీజం వేసింది. తరచు అవసరమయ్యే ఆదేశాల వరుసలను ప్రోగ్రామర్లు నోటు పుస్తకాలలో వ్రాసి ఉంచుకొని, ఒకరి నుండి మరొకరు ఎక్కించుకునేవారు. ఇలా చేతితో నకలు తీసేటప్పుడు తప్పులు దొర్లేవి. ఒక్క అంకె మారినా లెక్క మొత్తం చెడిపోయేది. మనుషులు సరిగా చేయలేని ఈ నకలు పనిని యంత్రమే ఎందుకు చేయకూడదన్న ఆలోచన క్రమంగా ఆమెలో బలపడింది.

యుద్ధానంతరం శాశ్వత నౌకాదళంలోకి మారాలని దరఖాస్తు చేయగా వయసు మించినదని తిరస్కరించారు. ఆమె రిజర్వు అధికారిగానే ఉంటూ, వాసర్ కళాశాల ఇవ్వజూపిన ప్రొఫెసరు పదవిని కాదని, 1949 వరకు హార్వర్డ్‌లో పరిశోధకురాలిగా కొనసాగింది.

పురుగు కథ

కంప్యూటరు లోపాన్ని ఆంగ్లంలో బగ్, అనగా పురుగు, అనడం హాపర్‌తోనే మొదలయిందని ప్రచారంలో ఉంది. ఇది సరి కాదు. 1947 సెప్టెంబరు 9న మార్క్-2 యంత్రం రిలేలో చిక్కుకున్న ఒక చిమ్మటను అక్కడి సిబ్బంది తీసి, దినచర్య పుస్తకంలో అతికించారు. అది నిజంగా దొరికిన మొదటి పురుగని చమత్కారంగా ప్రక్కన వ్రాశారు. అప్పటికే ఆ మాట వాడుకలో ఉన్నందువలననే ఆ చమత్కారానికి అర్థం ఉంది. థామస్ ఎడిసన్ కూడా 19వ శతాబ్దంలోనే యంత్ర లోపాలకు ఈ పదం వాడాడు. చిమ్మటను పట్టినది హాపర్ కాదు. ఆ కథను తన ఉపన్యాసాలలో పదే పదే చెప్పి ప్రసిద్ధం చేసినది మాత్రం ఆమెయే. ఆ పుస్తకాన్ని తరువాతి కాలంలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన అమెరికా చరిత్ర ప్రదర్శనశాలలో భద్రపరచారు.

తొలి కంపైలరు

1949లో హాపర్ ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ కార్పొరేషన్‌లో గణిత శాస్త్రవేత్తగా చేరింది. అక్కడ యూనివాక్-1 కంప్యూటరు నిర్మాణం జరుగుతూ ఉండేది. 1950లో ఈ సంస్థను రెమింగ్టన్ రాండ్ కొనుగోలు చేసింది. ఆ సంస్థ వారి బైనాక్ యంత్రం కోసం ఆమె ఎనిమిది అంకెల సంఖ్యామానంలో లెక్కలు చేయడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు తన బ్యాంకు ఖాతా లెక్క ఎంతకీ కుదరలేదు. తాను అప్పుడప్పుడు ఆ సంఖ్యామానంలోనే తీసివేతలు చేస్తున్నట్లు చివరకు బయటపడింది. మనిషి యంత్రపు భాషకు అలవాటు పడటం కంటే యంత్రానికి మనిషి భాష నేర్పడమే మేలని చెప్పడానికి ఈ ఉదంతాన్ని ఆమె ఉదాహరణగా చూపేది. ఈ కాలంలోనే పని ఒత్తిడి, ఒంటరితనం, మద్యపానం అలవాటు ఆమెను బాగా క్రుంగదీశాయి. సన్నిహితుల సహాయంతో ఆ స్థితి నుండి కోలుకుంది.

1951-52లో ఆమె ఎ-0 అనే వ్యవస్థను తయారు చేసింది. తరచు వాడే ఉపప్రోగ్రాములను అయస్కాంత టేపు మీద ఉంచి, ఒక్కొక్కదానికి ఒక సంకేతం ఇచ్చారు. ప్రోగ్రామరు కావలసిన సంకేతాలను వరుసగా వ్రాస్తే చాలు. ఎ-0 ఆ భాగాలను టేపు నుండి వెతికి తీసి, చిరునామాలు సరిచేసి, పూర్తి ప్రోగ్రాముగా కూర్చేది. ఇలా కూర్చే దానికి ఆమె కంపైలరు అని పేరు పెట్టింది. నేటి అర్థంలో చూస్తే ఎ-0 చేసినది లింకరు, లోడరు చేసే పనికి దగ్గరగా ఉంటుంది. ఒక భాష నుండి మరొక భాషకు పూర్తి అనువాదం చేసే కంపైలర్లు కొద్దికాలం తరువాత వచ్చాయి. అందువలన తొలి కంపైలరు ఏది అన్న విషయంలో చరిత్రకారులలో భేదాభిప్రాయాలు ఉన్నాయి.

1952 మేలో ఈ విషయంపై ఆమె ఒక పరిశోధనా పత్రం సమర్పించింది. కంప్యూటరు లెక్కలు చేస్తుందే తప్ప ప్రోగ్రాములు వ్రాయలేదని చాలామంది నమ్మే రోజులవి. పనిచేస్తున్న కంపైలరు చేతిలో ఉన్నా దానిని వాడటానికి ఎవరూ ముందుకు రాలేదు. తరువాత వచ్చిన ఎ-2 ను మూల రూపంతో సహా వినియోగదారులకు ఇచ్చి, మెరుగుపరచి పంపవలసినదిగా కోరారు. దీనిని స్వేచ్ఛా సాఫ్టువేరు పద్ధతికి తొలి ఉదాహరణలలో ఒకటిగా పేర్కొంటారు.

ఫ్లో-మాటిక్

1954లో హాపర్ స్వయంచాలక ప్రోగ్రామింగ్ విభాగానికి అధిపతి అయింది. గణిత చిహ్నాలు శాస్త్రవేత్తలకు సౌకర్యమే కాని, జీతాలు, సరుకుల నిల్వలు, బిల్లుల లెక్కలు చూసే ఉద్యోగులకు మాటలే సులభమని ఆమె గ్రహించింది. ఆంగ్ల పదాలతో ఆదేశాలు వ్రాసే భాషను ప్రతిపాదించగా, కంప్యూటరుకు ఆంగ్లం అర్థం కాదన్న కారణంతో యాజమాన్యం ఒప్పుకోలేదు. యంత్రానికి ఏ భాషయినా ఒకటేనని చూపడానికి ఆమె ఒకే ప్రోగ్రామును ఆంగ్లంతో పాటు ఫ్రెంచి, జర్మన్ పదాలతో కూడా వ్రాసి ప్రదర్శించింది. ఫలితం తలక్రిందులయింది. అమెరికాలో తయారైన యంత్రానికి విదేశీ భాషలు రావడమేమిటని అధికారులు కలవరపడ్డారు. ఆంగ్లానికే పరిమితమవుతామని నచ్చజెప్పి పని కొనసాగించవలసి వచ్చింది. ఈ కృషి ఫలితంగా బి-0 అనే వ్యవస్థ తయారయింది. అదే తరువాత ఫ్లో-మాటిక్‌గా ప్రసిద్ధి పొందింది.

కోబాల్

1950ల చివరికి ఒక్కొక్క సంస్థ కంప్యూటరుకు ఒక్కొక్క భాష ఉండేది. యంత్రం మార్చిన ప్రతిసారీ ప్రోగ్రాములన్నీ తిరిగి వ్రాయవలసి వచ్చేది. బరోస్ సంస్థకు చెందిన మేరీ హాస్ చొరవతో 1959 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొద్దిమంది సమావేశమై ఉమ్మడి భాష అవసరాన్ని చర్చించారు. హాపర్ తన నౌకాదళ పరిచయాల ద్వారా రక్షణ శాఖ మద్దతు సంపాదించడంలో తోడ్పడింది. మే నెలలో పెంటగాన్‌లో పెద్ద సమావేశం జరిగి కోడాసిల్ సంఘం ఏర్పడింది.

హాపర్‌ను కోబాల్ తల్లి అని పిలవడం పరిపాటి. అయితే భాషా నిర్దేశాన్ని వ్రాసిన బృందంలో ఆమె లేదు. జీన్ సామెట్, గెర్‌ట్రూడ్ టియర్నీ, హోవార్డ్ బ్రోంబెర్గ్ తదితరులు ఆ పని చేశారు. హాపర్ సాంకేతిక సలహాదారు. కాని కోబాల్ రూపకల్పనకు అన్నిటికంటే ఎక్కువగా తోడ్పడినది ఆమె ఫ్లో-మాటిక్. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును స్వల్ప మార్పులతో ఆర్‌సీఏ, యూనివాక్ కంప్యూటర్లు రెండింటి మీద నడిపి చూపారు.

విరమణ, పునరాగమనం

1966 చివర 60 ఏళ్ళ వయసులో హాపర్‌ను కమాండర్ హోదాలో నౌకాదళ రిజర్వు నుండి విరమింపజేశారు. అప్పటికి నౌకాదళంలో కోబాల్ వాడకం అస్తవ్యస్తంగా ఉండేది. ఒక కంపైలరు అంగీకరించిన ప్రోగ్రామును మరొకటి తిరస్కరించేది. దీనిని చక్కదిద్దడానికి 1967 ఆగస్టులో ఆరు నెలల కోసం ఆమెను వెనక్కు పిలిపించారు. ఆ ఆరు నెలలు నిరవధికంగా పొడిగించబడ్డాయి. 1971లో మరల విరమించినా 1972లో మళ్ళీ పిలిచారు. కంపైలరు ప్రమాణాలను పాటిస్తున్నదో లేదో పరీక్షించే ప్రోగ్రాములను ఆమె బృందం తయారు చేసింది. అమ్మకందారు మాటను నమ్మడం కాక, పరీక్షించి తీసుకునే పద్ధతి దీనితో బలపడింది. ఒకే పెద్ద కంప్యూటరు మీద ఆధారపడటం కంటే చిన్న కంప్యూటర్లను కలిపి వాడటం మేలని కూడా ఆమె వాదించేది. బరువు లాగలేకపోతే రైతు ఇంకొక ఎద్దును కడతాడే కాని ఎద్దును పెంచి పెద్ద చేయడన్నది ఆమె తరచు చెప్పిన పోలిక.

1973లో కెప్టెన్, 1983లో కమొడోర్ హోదాలు లభించాయి. 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ నౌకపై విరమణ చేసే నాటికి, 79 ఏళ్ళ వయసులో, అమెరికా సేనలలో క్రియాశీలంగా ఉన్న అధికారులందరిలో పెద్ద వయస్కురాలు ఆమెయే. ఆ వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా చేరింది.

ఉపన్యాసాలు

హాపర్ గొప్ప ఉపన్యాసకురాలు. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో విద్యుత్ సంకేతం ప్రయాణించగల గరిష్ఠ దూరానికి గుర్తుగా 11.8 అంగుళాల తీగ ముక్కలను శ్రోతలకు పంచేది. సెకనులో పది లక్షల వంతుకు గుర్తుగా 984 అడుగుల తీగ చుట్టను చూపి, ప్రోగ్రామర్లు కాలాన్ని వృథా చేయరాదని బోధించేది. పాత పద్ధతిని గుడ్డిగా పట్టుకు వేలాడరాదని గుర్తు చేసేందుకు తన కార్యాలయంలో వెనుకకు తిరిగే గడియారాన్ని ఉంచుకుంది.

మరణం, గౌరవాలు

1992 జనవరి 1న వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో 85 ఏళ్ళ వయసులో మరణించింది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఆమె పేరుతో ఏసీఎం సంస్థ నెలకొల్పిన పురస్కారాన్ని 1971లో మొదటగా డొనాల్డ్ క్నూత్ అందుకున్నాడు. 1991లో ఆమెకు జాతీయ సాంకేతిక పతకం లభించింది. 1994లో కంప్యూటరు రంగంలోని మహిళల కోసం గ్రేస్ హాపర్ పేరిట సమావేశాలు మొదలయ్యాయి. 1997లో హాపర్ అనే యుద్ధనౌక సేవలోకి వచ్చింది. 2016లో మరణానంతరం అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం ప్రదానం చేశారు. 2017లో యేల్ విశ్వవిద్యాలయం ఒక కళాశాలకు ఆమె పేరు పెట్టింది.

ప్రభావం

కోబాల్ వాక్యాలు మరీ పొడవని, ఆ భాష ఆలోచనా శక్తిని దెబ్బతీస్తుందని ఎడ్జర్ డైక్‌స్ట్రా వంటి శాస్త్రవేత్తలు తీవ్రంగా విమర్శించారు. అయినా బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు ఆ భాషను వదలలేదు. జ్ఞాపకశక్తి ఖరీదైన రోజులలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే వ్రాసిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరం సమీపించే కొద్దీ సమస్యగా మారాయి. వాటిని సరిదిద్దే పనికి 1990ల చివర కోబాల్ తెలిసిన వారికి గిరాకీ పెరిగింది. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో మెయిన్‌ఫ్రేం పాఠాలు నేర్చి అమెరికా చేరిన తెలుగు యువకులు ఎందరో ఆ పనిలో పాల్గొన్నారు. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవారి సహాయం కోరవలసి వచ్చింది. దశాబ్దాల క్రితం ఇతరులు వ్రాసిన ఆ ప్రోగ్రాములను కొత్తవారు చదివి సరిదిద్దగలగడానికి, అవి మాటలలో ఉండటం ఒక ముఖ్య కారణం.