విద్యావ్రతి శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

గోదావరీ తీరాన రాజమహేంద్రవరంలో 1909 జూలై 15న జన్మించిన శ్రీమతి దుర్గాబాయి వేలాది స్త్రీలకు విద్యాభిక్ష పెట్టిన మహనీయురాలు. అయితే ఆమె సొంత చదువు ఆదిలోనే ఆగిపోయింది. పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని విధించగా, దానికి నిరసనగా పన్నెండేండ్ల ప్రాయంలోనే ఆమె బడి మానివేశారు. బడి మానినా చదువు మానలేదు. హిందీ అభ్యసించి, బాలికలకు హిందీ పాఠశాల నెలకొల్పి, తానే బోధించారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోనికి పోనివ్వని కర్తవ్యనిష్ఠ ఆమెది.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె కారాగారవాసం అనుభవించారు. మధుర చెరసాలలో ఏకాంత నిర్బంధాన్నీ సహించారు. అక్షరజ్ఞానం లేక, చట్టం తెలియక శిక్షలు అనుభవిస్తున్న సాటి స్త్రీల దుఃస్థితి ఆమె హృదయాన్ని కలచివేసింది. విడుదలైన పిమ్మట, ఆగిన చదువును తిరిగి చేపట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా, అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదు. పత్రికా ప్రకటన ద్వారా తోటి విద్యార్థినులను సమకూర్చుకొని, వసతిని తామే ఏర్పరచుకొన్నారు. అనంతరం మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

తాను నడచిన బాటను ఇతరులకూ సుగమం చేయాలన్న సంకల్పమే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు బీజమైంది. మైలాపూరులో చిన్నారి బాలికల సంఘంగా ఆరంభమైన ఆ సంస్థ, వయస్సు మీరి బడికి దూరమైన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరచింది. కాలక్రమాన పాఠశాలలు, వైద్యశాలలు, కళాశాలలతో మద్రాసులోను, హైదరాబాదులోను విస్తరించింది.

1946లో ఆమె రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలయ్యారు. సభాధ్యక్షత వహించే సభ్యుల వర్గంలో ఆమె ఒక్కరే మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును 35 నుండి 30 ఏండ్లకు తగ్గించే సవరణను ప్రతిపాదించారు. 1949లో భాషా చర్చ జరిగినప్పుడు హిందుస్తానీ పక్షాన నిలిచారు. హిందీ అభిమానుల అత్యుత్సాహం, దక్షిణాదిలో స్వచ్ఛందంగా నేర్చుకొనేవారి ఉత్సాహాన్ని దెబ్బతీయగలదని నిర్భయంగా హెచ్చరించారు. విధింపును ఎదిరించి బడి విడిచిన బాలిక, స్వయంగా ఎంచుకొని బోధించిన భాష విషయంలోనూ విధింపును అంగీకరించలేదు.

1952 సార్వత్రిక ఎన్నికలలో ఆమె పరాజితులయ్యారు. అయినా సేవ ఆగలేదు. ప్రణాళికా సంఘ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ సంవత్సరమే నాటి ఆర్థికమంత్రి శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ఏండ్ల తరబడి సాగే పాఠశాల విద్యను వయోజన స్త్రీలకు రెండేండ్లలో అందించే సంక్షిప్త విద్యాప్రణాళికను సంక్షేమ మండలి 1958లో దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టింది. మైలాపూరులో మొలకెత్తిన ఆలోచన ఆ విధంగా జాతీయ పథకమైంది. అదే సంవత్సరం ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికీ ఆమె అధ్యక్షత వహించారు.

1975లో పద్మవిభూషణ్ పురస్కారం ఆమెను వరించింది. 1981 మే 9న ఆమె పరమపదించారు. కుటుంబ న్యాయస్థానాలు నెలకొల్పాలని ఆమె చిరకాలం కోరగా, అందుకు తగిన శాసనం 1984లో వచ్చింది. ఆమెకు దాన్ని చూచే భాగ్యం కలుగలేదు. చదువుకు వేళ మించిపోయిందని నిరాశపడిన ప్రతి ఇల్లాలికీ మరొక ద్వారం తెరచిన ఆ తల్లి జీవితం, విద్యాలయాలన్నింటికీ నిత్యస్మరణీయం.