ఐదుసార్లు వెళ్లగొట్టినా తగ్గేదే లేదన్న బిషప్.. ఎవరీ అథనాసియస్?

క్రీ.శ. 356, ఫిబ్రవరి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం. చర్చిలో రాత్రి ప్రార్థన జరుగుతోంది. ఉన్నట్టుండి తలుపులు బద్దలు కొట్టుకుని రోమన్ సైనికులు లోపలికి చొరబడ్డారు. వాళ్లకు కావాల్సింది ఒకే ఒక్కడు.. బిషప్ అథనాసియస్. ఆ గందరగోళంలోనే సన్యాసులు, చర్చి పెద్దలు కలిసి ఆయన్ని బయటికి దాటించేశారు. ఆ తర్వాత ఆరేళ్లు ఆయన అజ్ఞాతంలోనే గడిపారు.

ఇంతకీ ఒక బిషప్ కోసం చక్రవర్తి సైన్యాన్ని ఎందుకు పంపాడు? ఆయన మీద మోపిన కేసులు చాలానే ఉన్నాయి. అసలు గొడవ మాత్రం ఒక్కటే. యేసుక్రీస్తు ఎవరు? ఈ ప్రశ్నకు చక్రవర్తికి నచ్చిన జవాబు చెప్పడానికి అథనాసియస్ ఒప్పుకోలేదు.

పాటలతో పాకిన బోధ

అథనాసియస్ 3వ శతాబ్దం చివర్లో పుట్టారు. చిన్న వయసులోనే అలెగ్జాండ్రియా బిషప్ అలెగ్జాండర్ దగ్గర చేరి, ఆయనకు కార్యదర్శి అయ్యారు.

అదే ఊళ్లో ఆరియస్ అనే చర్చి పెద్ద ఉండేవాడు. నిష్ఠగా బతికే మనిషి, మంచి మాటకారి. 318 ప్రాంతంలో ఆయన బోధ పెద్ద వివాదమైంది. తండ్రి ఒక్కడే నిజమైన దేవుడని, కుమారుడు ఎంత గొప్పవాడైనా తండ్రి చేసిన సృష్టేనని, ఆయన లేని సమయం ఒకటి ఉండేదని ఆరియస్ చెప్పాడు. అంతటితో ఆగలేదు. ఓడల్లో పనిచేసేవాళ్లు, తిరగళ్ల దగ్గర పనివాళ్లు, బాటసారులు పాడుకునేలా ఆ బోధను పాటలుగా కట్టాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే.. వైరల్ అయిపోయింది.

నైసియాలో ఏం జరిగింది?

గొడవ ముదరడంతో కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైసియాలో బిషప్‌ల మహాసభ పెట్టించాడు. అది ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్ పట్టణం. అథనాసియస్ అప్పటికి డీకన్ మాత్రమే. బిషప్ వెంట వెళ్లారు.

అక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. బైబిల్లోని ఏ మాట చూపించినా ఆరియస్ వర్గం సరే అనేసేది. కుమారుడు దేవుని నుంచి వచ్చాడా? అన్నీ దేవుని నుంచే వచ్చాయి కదా. దేవుని శక్తా? మిడతల దండును కూడా బైబిల్ అలాగే అంటుంది కదా. వాళ్లు ఒకరికొకరు కళ్లతో సైగలు చేసుకుంటూ తల ఊపేవారని అథనాసియస్ తర్వాత రాశారు.

అంటే మాట ఒకటే, అర్థాలు వేరు. అందుకే సభ బైబిల్లో లేని ఒక గ్రీకు పదాన్ని ఎంచుకుంది.. హోమోఊసియోస్. కుమారుడు తండ్రితో ఒకే స్వభావం గలవాడని దాని భావం. ఈ పదాన్ని రెండు రకాలుగా తిప్పి చెప్పడానికి ఆరియస్ వర్గానికి దారి దొరకలేదు. ఆరియస్‌కు బహిష్కరణ పడింది.

బోధను ఎలా పరీక్షించాలి?

ఇక్కడే అథనాసియస్ బలం కనిపిస్తుంది. ఆయన వచనానికి వచనం అప్పజెప్పి ఊరుకోలేదు. ఆ బోధను చివరిదాకా తీసుకెళ్తే ఏం మిగులుతుందని అడిగారు. క్రీస్తు సృష్టి అయితే ఆయన్ని ఆరాధించడం సృష్టిని ఆరాధించడమే కదా? సృష్టించబడినవాడు తోటి సృష్టిని ఎలా రక్షించగలడు? తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరుతో ఇచ్చే బాప్తిస్మంలో దేవుడి పక్కన ఒక సృష్టి పేరు ఎందుకు? ఈ ప్రశ్నల్ని ఆయన జీవితాంతం వదల్లేదు.

కట్ చేస్తే.. హత్య కేసు

328లో అథనాసియస్ బిషప్ అయ్యారు. కట్ చేస్తే.. సీన్ రివర్స్. ఆరియస్‌ను మళ్లీ చర్చిలో చేర్చుకోవాలని కాన్‌స్టంటైనే ఒత్తిడి తెచ్చాడు. అథనాసియస్ కుదరదన్నారు. ఇక కేసుల మీద కేసులు. ఆర్సేనియస్ అనే బిషప్‌ను చంపించి, చెయ్యి నరికి, దాన్ని మంత్రాలకు వాడారని ఆరోపించారు. నరికిన చెయ్యి కూడా చూపించారు! ట్విస్ట్ ఏంటంటే.. ఆర్సేనియస్ బతికే ఉన్నాడు. 335లో టైర్ సభలో ఆయన్ని ముసుగుతో తీసుకొచ్చి, రెండు చేతులూ ఒక్కొక్కటిగా చూపించారని, మూడో చెయ్యి ఎక్కడ నరికారో చెప్పమన్నారని తర్వాతి శతాబ్దపు చరిత్ర రచనలు చెబుతాయి.

అయినా వదల్లేదు. కాన్‌స్టాంటినోపుల్‌కు వెళ్లే ధాన్యం ఓడల్ని ఆపేస్తానని బెదిరించారంటూ ఇంకో ఆరోపణ. ఈసారి చక్రవర్తి ఆయన్ని దేశం చివరికి పంపేశాడు.

ఐదు బహిష్కరణలు.. ఒక్క చూపులో

* 335–337: ఇప్పటి జర్మనీలోని ట్రియర్
* 339–346: రోమ్
* 356–362: ఈజిప్టు ఎడారి, సన్యాసుల మధ్య అజ్ఞాతం
* 362–363: జూలియన్ చక్రవర్తి ఆదేశంతో
* 365–366: వాలెన్స్ పాలనలో, కొన్ని నెలలు

బిషప్‌గా ఉన్న 45 ఏళ్లలో సుమారు 17 ఏళ్లు ఇలాగే గడిచాయి. 359లో చక్రవర్తి ఒత్తిడికి వందలాది బిషప్‌లు మెత్తబడ్డ ఒప్పందంపై సంతకాలు పెట్టేశారు. ఆ సమయంలో అథనాసియస్ ఎడారిలో కూర్చుని పుస్తకాలు రాస్తున్నారు.

మచ్చ లేని మనిషేనా?

కాదు. ఆయన మనుషులు ప్రత్యర్థి మెలీషియన్ వర్గంపై దౌర్జన్యం చేశారన్న ఆరోపణలున్నాయి. చరిత్రకారులు వాటిని పూర్తిగా కొట్టిపారేయలేదు. రాతల్లో కూడా ఆయన నోరు కటువే.

అయితే పట్టు విడుపు తెలిసిన మనిషి కూడా. 362లో అలెగ్జాండ్రియాలో జరిపిన సభే ఉదాహరణ. పదాలు వేరైనా భావం ఒకటే అయితే కలుపుకుపోవాలని అక్కడ నిర్ణయించారు. తల్లకిందులు చేసే తేడా ఏది, మాటల తేడా ఏది అన్నది ఆయనకు తెలుసు.

తెలుగు చర్చిల్లోనూ ఆ మాటే

367లో ఈస్టర్ సందర్భంగా చర్చిలకు రాసిన ఉత్తరంలో అథనాసియస్ కొత్త నిబంధన పుస్తకాల జాబితా ఇచ్చారు. మొత్తం 27. ఇవాళ తెలుగు బైబిల్లో ఉన్నవీ అవే 27. సరిగ్గా ఈ జాబితా మనకు దొరుకుతున్నది మొదట ఆ ఉత్తరంలోనే.

373 మే 2న ఆయన అలెగ్జాండ్రియాలోనే కన్నుమూశారు. తన వాదం గెలవడం ఆయన చూడలేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ నైసియా మాటనే ఖాయం చేసింది.

వివాదం మాత్రం అక్కడితో పూర్తిగా ముగియలేదు. యేసు దేవుడు చేసిన మొదటి సృష్టి అని నమ్మే యెహోవాసాక్షుల వంటి వారు నేటికీ ఉన్నారు. మరోవైపు ఆంధ్రా, తెలంగాణల్లోని సీఎస్ఐ, లూథరన్, కాథలిక్ చర్చిల ఆరాధనలో నైసియా విశ్వాస ప్రమాణానికి ఇప్పటికీ చోటుంది. కుమారుడు తండ్రితో ఒకే స్వభావం గలవాడని అందులో ఒక్క మాట వస్తుంది. చెప్పడానికి రెండు సెకన్లు పట్టే ఆ మాట కోసమే అథనాసియస్ 17 ఏళ్లు ఊరికి దూరంగా బతికారు.