రహీం సాబ్ అనే బడిపంతులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు ముందు మన హెడ్మాస్టర్ల గురించి రాద్దామనుకున్నాను. వారి గురించి నాకన్నా బాగా రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు మాత్రం మన డ్రిల్లు మాస్టారు, ఆయన చెప్పిన ఒక మనిషి కథ గుర్తుకొచ్చాయి.

వానపడి గ్రౌండు బురదైతే మాస్టారు మమ్మల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టేవారు. లంకల నుంచి వచ్చిన పిల్లల నిక్కర్లు తడిసి ఉండేవి. ఎక్కాలు అప్పజెప్పమంటారేమోనని భయపడేవాళ్లం. ఆయన హైదరాబాదు రహీం సాబ్ కథ మొదలుపెట్టేవారు. మాకు తెలిసినవి కబడ్డీ, వాలీబాల్. అయినా ఫుట్‌బాల్ కథ చెవులు రిక్కించి వినేవాళ్లం. ఆ తర్వాత పెద్దయ్యాక ఆయన గురించి దొరికినదల్లా చదివాను.

మన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు కన్నుమూసిన 1909వ సంవత్సరంలోనే, ఆగస్టు 17న హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ చేతికొచ్చాక బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడుల్లో కొన్ని. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే ఆయన కూడా మన మాస్టారిలా విజిల్ మెడలో వేసుకుని ఎండలో నిలబడ్డ మనిషే.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి 1940లలో కార్యదర్శి అయ్యి, చివరిదాకా ఆ పని చేశారు. పిల్లల కోసం ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒక పోటీలో బంతిని ఒక్కడే కాళ్ల మధ్య ఆడించుకుంటూ పోకూడదు, తోటివాడికి అందించాల్సిందే. మరో పోటీలో వాటంలేని కాలితోనే తన్నాలి. ఈ మాట విన్న మరుసటి వారమే మన మాస్టారు మాచేత ఎడమచేత్తో వాలీబాల్ సర్వీసు చేయించారు. బంతులన్నీ గోడ అవతల పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ తెచ్చుకోమన్నారు.

1950 నుంచి రహీం సాబ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ ఏడాది మొదలు 1954 దాకా వరుసగా అయిదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దేశం జట్టు కూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి మనవాళ్లు స్వర్ణం తెచ్చారు.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ దెబ్బ తర్వాతే మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాబ్ ఆ ఓటమితో కుంగిపోలేదు. ఆట తీరు మార్చారు, కుర్రాళ్లను వెతికారు. సికింద్రాబాదు దగ్గర పేదింట్లో పుట్టిన తులసీదాస్ బలరామ్ అలా ఆయన కంటపడ్డవాడే. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు సెమీఫైనల్‌కు చేరారు. ఆసియా ఖండం నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు అదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

మాస్టారు గొంతు సవరించుకుని చెప్పేది 1962 జకార్తా కథ. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక కాపలా కాసే ఆ మనిషిని రహీం సాబ్ ముందు వరసలో దించారు. సెమీఫైనల్లోనూ, ఫైనల్లోనూ అతను గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా 2-1తో స్వర్ణం మనదైంది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. వయసు 53. మొన్న 2024లో హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చేదాకా ఈ తరానికి ఆయన పేరు పెద్దగా తెలియదు.

ఇంత తెలిసీ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. నేను లెక్కల మాస్టారినయ్యాను. సంక్రాంతి సెలవులు అయిపోగానే పదో తరగతికి ఆటల పీరియడ్లు తీసేసుకుని లెక్కలు చెప్పేవాణ్ణి. ఫలితాలు బాగా వచ్చేవి, అందరూ మెచ్చుకునేవారు. ఒక ఏడాది కబడ్డీ బాగా ఆడే కుర్రాడొకడు ఫిబ్రవరిలో బడికి రావడం మానేశాడు. వాళ్ల ఇంటికి వెళ్లి అడిగితే, ఆటల పీరియడు లేదు కదండీ అన్నాడు. వాడు పరీక్ష రాయలేదు. వాణ్ణి బడికి రప్పిస్తున్నది ఏదో నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ తప్పు నాదే. మరుసటి ఏడాది నుంచి ఆటల పీరియడు జోలికి పోలేదు. ఫలితాలేమీ తగ్గలేదు.

రహీం సాబ్ జీవితం నుంచి నాకు అర్థమైంది ఇదే. ఆయన ఒలింపిక్స్ దాకా వెళ్లినా చేసింది బడిపంతులు పనే. పిల్లవాడిలో ఏముందో చూడటం, వాడి చోటు వాడికి చూపించడం. మన డ్రిల్లు మాస్టారు మండలం దాటి వెళ్లకపోయినా ఆయన చేసిందీ అదే పని.

మిత్రులకు నా మనవి రెండే. ఉత్సవం రోజున మన పాత డ్రిల్లు మాస్టర్లలో ఉన్నవారిని వేదిక మీదికి పిలుద్దాం. ఇక, ఆటల పోటీలకు వెళ్లే మన బడి పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ, ఏటా సంఘం తరఫున తలా ఒక జత బూట్లు కొనిద్దాం. మొదటి పది జతల డబ్బు నేనిస్తాను. ఉత్సవం రోజు పొద్దున్నే కోశాధికారిగారికి అందజేస్తాను.