అగ్గిపుల్లలను ఆడించిన మనిషి

పోయిన వారం ఖాళీ పీరియడ్‌లో డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ముందు గుంపుగా చేరి ఓ పాత కార్టూన్ చూశాం. 1956లో డిస్నీవాళ్ళు తీసిన ‘ఇన్ ది బ్యాగ్’. పార్కులో జనం పారేసిన చెత్త ఎత్తించడానికి అక్కడి అధికారి ఎలుగుబంట్లకు ఓ ఆట నేర్పుతాడు. అవి పాటకు నడుం ఊపుకుంటూ చెత్త ఏరేస్తాయి. చేసింది ఆట కాదు చాకిరీ అని తెలిసేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. చివరికి చెత్తంతా హంఫ్రీ అనే అల్లరి ఎలుగుబంటి నెత్తిన పడుతుంది. దాన్ని దాచడానికి అది పడే తిప్పలు చూసి మనవాళ్ళు బెంచీలు కొట్టి నవ్వారు. ఓ గుంటలో కుక్కేసి హమ్మయ్య అనుకుంటే, అది కాస్తా వేడినీళ్ళ బుగ్గ! చెత్త మొత్తం పైకి ఎగజిమ్ముతుంది.

హంఫ్రీ ఒక్క మాట మాట్లాడదు. అది గీసిన బొమ్మ అని తెలుసు, అయినా పాపం అనిపిస్తుంది. మన దేశంలో ఇలా ప్రాణం లేనిదాన్ని మొదట ఆడించింది ఎవరని ఎవరో అడిగారు. ఫాల్కే పేరు చెప్పారు మేడమ్. హరిశ్చంద్ర తీసినాయన కదా అన్నాం. ఆయనే. కానీ ఆయన అగ్గిపుల్లలతో కూడా ఓ సినిమా తీశారట. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో వచ్చే మాకు ఆ మాట వినగానే చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇక ఆయన గురించి దొరికినదల్లా చదివాను.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నారు, బరోడా కళాభవన్‌లో ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. గోధ్రాలో స్టూడియో పెడితే ప్లేగు వచ్చి భార్యనూ బిడ్డనూ తీసుకుపోయింది. 1902లో సరస్వతీబాయిని పెళ్ళి చేసుకున్నారు. పురావస్తు శాఖలో ఉద్యోగం చేశారు, రవివర్మ ప్రెస్సులో లితో పని చేశారు, రంగుల అచ్చు నేర్చుకోవడానికి జర్మనీ వెళ్ళొచ్చారు. ఎక్కడా నిలదొక్కుకోలేదు. నలభై దాటాక బొంబాయిలో ఓ డేరాలో ఏసుక్రీస్తు కథ సినిమాగా చూసి, మన రాముడూ కృష్ణుడూ తెర మీద ఎందుకు కదలకూడదు అని పట్టు పట్టారు. రాత్రింబవళ్ళు సినిమాలు చూసీ చూసీ కొంతకాలం చూపు కూడా పోయింది. చూపు తిరిగొచ్చాక బీమా పాలసీ తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్ళి కెమెరా కొనుక్కొచ్చారు.

కెమెరా వచ్చింది, డబ్బిచ్చేవాళ్ళు లేరు. అప్పుడాయన చేసిన పని నాకు భలే నచ్చింది. కుండీలో బఠానీ గింజ నాటి, దాని ఎదురుగా కెమెరా పెట్టి, రోజుకో బొమ్మ చొప్పున నెలకు పైగా తీశారు. తెర మీద వేస్తే గింజ పగిలి, మొలకై, తీగై నిమిషంలో పైకి పాకింది. అది చూశాకే అప్పు పుట్టింది. అదీ చాలలేదు, సరస్వతీబాయి నగలు తాకట్టుకి వెళ్ళాయి.

నగలు ఇవ్వడంతో ఆవిడ పని అయిపోలేదు. అప్పట్లో ఫిల్ముకి అంచున కన్నాలు మనమే వేసుకోవాలి, అదీ చీకట్లో. ఆ పని ఆవిడది. మందులు కలిపి ఫిల్ము కడగడం ఆవిడది. ఎండలో తెల్లదుప్పటి పట్టుకుని నటుల ముఖాల మీదికి వెలుగు తిప్పడం ఆవిడది. మధ్యలో అరవై డెబ్బై మంది బృందానికి వంట. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ బయటికొచ్చింది. ఆడవాళ్ళెవరూ వేషం వేయడానికి రాకపోతే హోటల్లో వంటచేసే సాలుంకే అనే కుర్రాడు తారామతి అయ్యాడు.

1914లో యుద్ధం మొదలైంది, డబ్బు పెట్టేవాళ్ళు వెనక్కి తగ్గారు. పెద్ద సినిమా తీసే దారిలేని ఆ రోజుల్లో, 1915లో ‘ఆగకాడ్యాంచీ మౌజ్’ తీశారు. అగ్గిపుల్లల సరదా అని దాని అర్థం. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లోనే అగ్గిపుల్లలతో ఇలాంటిది తీశాడు. అదే ఫాల్కేకి దారి చూపిందంటారు. పుల్లని వెంట్రుకవాసి జరపాలి, ఒక బొమ్మ తీయాలి, మళ్ళీ జరపాలి. సెకనుకు 16 బొమ్మలు అనుకుంటే నిమిషానికి 960. మధ్యలో చెయ్యి తగిలి ఒక్క పుల్ల పక్కకి జరిగిందా, చేసిందంతా పోయినట్టే.

ఇది చదువుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. చెక్క ఫ్రేములో పుల్లకి పుల్ల తగలకుండా వరసగా పేర్చేది, ఫ్రేముకింత అని కూలి. ఆ తర్వాతే వాటిని మందులో ముంచుతారు. మా వీధిలో అది చెయ్యని ఇల్లు లేదు. నిజానికి ఫాల్కే చేతిలోవి మన పుల్లలు అయ్యుండవు. అప్పట్లో అగ్గిపెట్టెలు ఎక్కువగా స్వీడన్, జపాన్‌ల నుంచి వచ్చేవి. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి ఆ పని నేర్చుకుంది 1922లో.

1917లో ‘లంకాదహనం’తో ఫాల్కే దశ తిరిగింది. మద్రాసులో వసూలైన చిల్లరని ఎద్దులబండి మీద పోలీసు కాపలాతో తరలించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత కంపెనీ పెట్టడం, భాగస్వాములతో పడకపోవడం, అలిగి కాశీ వెళ్ళిపోవడం, మళ్ళీ తిరిగి రావడం. మాటల సినిమా వచ్చాక ఆయన కాలం అయిపోయింది. 1937లో తీసిన ‘గంగావతరణం’ ఒక్కటే ఆయన టాకీ. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో చనిపోయారు.

ఆయన పేరు మీద 1969 నుంచి ప్రభుత్వం అవార్డు ఇస్తోంది. తెలుగువాళ్ళలో మొదట బి.ఎన్. రెడ్డిగారికి వచ్చింది. ఇది క్విజ్‌లో అడిగితే మనం టక్కున చెప్తాం. సరస్వతీబాయి పేరు మాత్రం నేను పోయిన వారమే మొదటిసారి విన్నాను.

అగ్గిపుల్లల సినిమా ఇప్పుడు లేదు, ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. 1919లో తీసిన ‘కాళీయమర్దనం’ కొంత మిగిలింది. అందులో అల్లరి కృష్ణుడు వాళ్ళ కూతురు మందాకిని, ఏడేళ్ళ పిల్ల. వేషం వేసుకోకముందే ఆ పిల్ల కెమెరా ముందు నిలబడి కోపం, నవ్వు, ఏడుపు ఒకటొకటిగా ముఖంలో చూపిస్తుంది. తర్వాతే కిరీటంతో కృష్ణుడవుతుంది. హంఫ్రీని చూసినట్టే దీన్నీ ఓ ఖాళీ పీరియడ్‌లో వేయమని మేడమ్‌ని అడుగుదామా?