పాప్ టెస్టులో ‘పాప్’ ఎవరు?

అమెరికాలో ఉండే తెలుగు ఆడవాళ్ళలో పాప్ టెస్ట్ అన్న మాట విననివాళ్ళు తక్కువ. కానీ ఆ ‘పాప్’ ఒక మనిషి పేరులో మొదటి ముక్క అని తెలిసినవాళ్ళు అంతకన్నా తక్కువ. ఆయన పేరు జార్జ్ పాపనికొలావ్. మనలాగే సముద్రాలు దాటి ఈ దేశం వచ్చినవారు. నేను సైటాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజూ మైక్రోస్కోపు కింద నేను చూసే స్లైడ్లకు వేసే రంగుకి కూడా ఆయన పేరే. ఆయన గురించి, ఆయన భార్య గురించి మన ఇళ్ళలో తెలియాలని ఇది రాస్తున్నాను.

పాపనికొలావ్ 1883 మే 13న గ్రీసు దేశంలో, యూబియా దీవిలోని కీమీ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి డాక్టరు. కొడుకూ డాక్టరై ఆ ఊళ్ళోనే ప్రాక్టీసు పెట్టాలని ఆయన కోరిక. కొడుక్కేమో వయొలిన్ మీద, పుస్తకాల మీద మనసు. అయినా తండ్రి మాట ప్రకారం ఏథెన్స్‌లో చదివి 1904లో వైద్య పట్టా తీసుకున్నారు. కానీ రోగులకు మందులు రాయడం కన్నా పరిశోధనే ఆయన్ని లాగింది. జర్మనీ వెళ్ళి 1910లో మ్యూనిక్‌లో డాక్టరేటు పూర్తి చేశారు. అదే ఏడాది ఆండ్రొమాకీని పెళ్ళి చేసుకున్నారు. అమెరికా వచ్చాక అందరూ ఆమెను మేరీ అనేవారు.

బాల్కన్ యుద్ధంలో గ్రీకు సైన్యంలో పనిచేస్తున్నప్పుడు, అమెరికా నుంచి వచ్చి చేరిన గ్రీకు వాలంటీర్లు ఆయనకు పరిచయమయ్యారు. అక్కడ అవకాశాలున్నాయని వాళ్ళ ద్వారా తెలిసింది. 1913 అక్టోబరులో భార్యాభర్తలు న్యూయార్క్‌లో దిగారు. చేతిలో ఉన్నది సుమారు 250 డాలర్లు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. డాక్టరేటు ఉన్న మనిషి గింబెల్స్ అనే పెద్ద దుకాణంలో తివాచీలు అమ్మడానికి చేరారు. మేరీ అక్కడే వారానికి 5 డాలర్లకు బొత్తాలు కుట్టారు. ఆయన హోటళ్ళలో వయొలిన్ వాయించారు, గ్రీకు పత్రికలో గుమాస్తా పని చేశారు. చదివిన చదువుకి, దొరికిన పనికి పొంతన లేని మొదటి రోజులు మనలో చాలామందికి తెలిసినవే.

ఏడాది తిరక్కుండా కార్నెల్ వైద్య కళాశాలలో చార్లెస్ స్టాకార్డ్ అనే ప్రొఫెసర్ దగ్గర చోటు దొరికింది. మేరీ కూడా అదే ల్యాబ్‌లో భర్తకు సహాయకురాలిగా చేరారు. అక్కడ ఆయన పని గినీ పందుల మీద. వాటి అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియాలి. దానికోసం జంతువును చంపడం అప్పటి పద్ధతి. పాపనికొలావ్ చంపకుండా, ముక్కు పరీక్షకు వాడే చిన్న పరికరంతో యోనిలోంచి కాస్త స్రావం తీసి, గాజు పలక మీద పూసి చూశారు. రోజు రోజుకీ అందులోని కణాలు మారుతున్నాయి. ఆ మార్పును బట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పొచ్చని తేలింది. స్టాకార్డ్‌తో కలిసి 1917లో దీన్ని ప్రచురించారు.

గినీ పందుల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేస్తుందా? దీనికి జవాబు మేరీ నుంచే మొదలైంది. ఏళ్ళ తరబడి ఆమె తన నమూనాలు ఇస్తూ వచ్చారు. పరిశోధన కోసం పిల్లలు వద్దనుకున్నారు ఆ దంపతులు. పరీక్షకు భర్త పేరు వచ్చింది. కానీ ఆ పరీక్షకు ఆధారమైన ఆరోగ్యకరమైన కణం ఎలా ఉంటుందో ప్రపంచానికి చూపించిన స్లైడ్లలో ఎన్నో మేరీవే.

తర్వాత ఆసుపత్రిలోని ఆడవాళ్ళ నమూనాలు చూస్తుండగా కొన్నిటిలో వికారమైన కణాలు కనిపించాయి. అవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు. రాలిపడిన కణాల్ని చూసి క్యాన్సర్‌ని పట్టుకోవచ్చని 1928 జనవరిలో మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్‌లో జరిగిన ఒక సదస్సులో ఆయన చెప్పారు. దాదాపు అదే కాలంలో రుమేనియాలో ఆరెల్ బాబెష్ అనే డాక్టరు కూడా విడిగా ఇదే దారి పట్టారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముక్క కోసి పరీక్షించే పద్ధతి ఉండగా ఈ పూతలెందుకని వైద్యుల ఆలోచన. అయితే కోసి చూడాలంటే ముందు అనుమానం రావాలి. అనుమానం వచ్చేసరికి జబ్బు ముదిరిపోయేది. ఆ తేడా అప్పటికి వాళ్ళకు పట్టలేదు.

పదేళ్ళకు పైగా ఆయన వేరే పనుల్లో ఉన్నారు. 1939లో హెర్బర్ట్ ట్రౌట్ అనే స్త్రీల వైద్య నిపుణుడితో కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. న్యూయార్క్ ఆసుపత్రిలో స్త్రీల విభాగానికి వచ్చే వాళ్ళందరికీ, లక్షణాలున్నా లేకపోయినా, ఈ పరీక్ష చేశారు. ఏ అనుమానమూ లేని వాళ్ళలో కూడా జబ్బు బయటపడింది. 1941లో వ్యాసం, 1943లో పుస్తకం వచ్చాయి. ఈసారి వైద్యలోకం వింది. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు. 1950లో లాస్కర్ అవార్డు వచ్చింది. నోబెల్ రాలేదు. 1961లో మయామీలో ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థ బాధ్యత తీసుకుని వెళ్ళారు. కొద్ది నెలలకే, 1962 ఫిబ్రవరి 19న గుండెపోటుతో పోయారు. మేరీ తర్వాత రెండు దశాబ్దాలు బతికారు. అమెరికా 1978లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. గ్రీసు తన 10,000 డ్రాక్మాల నోటు మీద ఆయన్ని ముద్రించింది.

ఆయన చూసిన మార్పులకు అసలు కారణం ఏమిటో ఆయన బతికుండగా తెలియలేదు. అది హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ అని జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హాసెన్ 1980లలో చూపించారు. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ వైరస్ చాలా మామూలుగా సోకుతుంది, చాలామందిలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి కణాన్ని మెల్లగా మారుస్తుంది. కణంలోని కేంద్రకం పెద్దదై, నల్లబడి, అంచులు వంకర్లు పోతాయి. మా ల్యాబ్‌లో మేం వెతికేది దాన్నే. మామూలు మార్పు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళు, అంతకన్నా ఎక్కువ పడుతుంది. పాపనికొలావ్ మనకిచ్చింది ఆ గడువే. 2006లో వచ్చిన టీకా ఇంకో అడుగు ముందుకెళ్ళి, అసలు వైరస్ సోకకుండానే ఆపుతుంది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ళప్పుడు పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిల రికార్డులు 2024లో చూస్తే, వాళ్ళలో ఒక్కరికీ ఈ క్యాన్సర్ రాలేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. పిల్లలకు పదకొండు, పన్నెండేళ్ళు రాగానే డాక్టరు ఈ టీకా మాట ఎత్తుతారు. ఇది లైంగికంగా సోకే వైరస్ అనేసరికి మనవాళ్ళు ఇప్పుడే ఎందుకులే అని వాయిదా వేస్తారు. వైరస్ ఎదురుపడక ముందే వేస్తేనే టీకాకు పూర్తి బలం. వయసు పెరిగాక మొదలుపెడితే డోసులు కూడా పెరగవచ్చు. ఇది పిల్లల నడవడి మీద తీర్పు కాదు. మగపిల్లలకూ వేయించాలి, గొంతు క్యాన్సర్లలో కొన్నిటికి కారణం ఇదే. టీకా వేయించుకున్న అమ్మాయిలు కూడా పెద్దయ్యాక పరీక్షలు మానకూడదు, టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు.

నాకు ఎక్కువ బెంగ మన అమ్మల గురించి. భారతదేశంలో ఏటా దాదాపు 80 వేలమంది ఆడవాళ్ళు ఈ జబ్బుతో పోతున్నారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎవరూ పరీక్ష చేయించరు. ఇక్కడికి ఆరునెలల కోసం వస్తే విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఇలాంటి ముందస్తు పరీక్షలకు డబ్బివ్వదు. అరవై అయిదు దాటాక ఈ పరీక్ష అక్కర్లేదన్న మాట అంతకుముందు క్రమంగా చేయించుకున్న వాళ్ళకే వర్తిస్తుంది. ఒక్కసారీ చేయించుకోని అమ్మకు ఆ వయసులోనూ అవసరం రావచ్చు. నెలసరి ఆగిన చాలా ఏళ్ళకు రక్తం కనిపిస్తే ఏ పరీక్ష కోసమూ ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

అందుకని ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు బీపీ, షుగర్ తర్వాత ఈ ప్రశ్న కూడా అడగండి. అమ్మ సిగ్గుపడితే అత్తయ్యతోనో అక్కతోనో అడిగించండి. టికెట్ కొనకముందే అక్కడ చేయించి రమ్మనండి. నమూనా తీయడానికి నిమిషాలు చాలు.