ఏడవ నిజాం దానధర్మములు

మన చోడవరం ప్రాంతానికి నిజాం అంటే కథల్లో విన్న రాజే. ఉత్తర సర్కారులు 1766 ఒడంబడికతో ఇంగ్లీషు వారి పాలయ్యాయి గనుక మన తాతముత్తాతలు ఏడవ నిజాం ప్రజలు కారు. అయినా పెళ్ళిళ్ళలోనో, ఇఫ్తార్ దగ్గరో ఆయన మాట వస్తే రెండు సంగతులు చెప్పుకుంటారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని, పరమ పిసినారి అని. రెండూ చాలావరకు నిజమే.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886లో జన్మించి, 1911లో తండ్రి మరణానంతరం గద్దెనెక్కారు. మూసీ వరద హైదరాబాదును ముంచి అప్పటికి మూడేళ్ళే. ఆయన కాలంలో గండిపేట చెరువు, 1918లో ఉర్దూలో బోధించే ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1925లో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి వెలిసినవి. పూనాలోని భండార్కర్ సంస్థవారు మహాభారతం పరిష్కరించి అచ్చు వేయుటకు ఏటా వెయ్యి రూపాయల చొప్పున పదకొండేళ్ళు ఇచ్చారు. తన రాజ్యం కాని కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కళాశాల పెడితే దానికీ సాయం చేశారు. దాని పేరు ఉస్మానియా కళాశాల అయినది అందుకే.

అయితే ఇదంతా దానమేనా? ఖజానా సొమ్ము రైతు కట్టిన శిస్తు. ఆ రాజ్యంలో దొరల గడీల్లో వెట్టి చేసినవారెందరో. రజాకార్ల ఆగడాలూ ఆయన ఏలుబడిలోనే జరిగాయి. ఈ సంగతులు దాచి పొగడడం మనకు తగదు. రాజుగా ఖర్చు పెట్టినది రాజధర్మం క్రింద వేసి, సొంత సొమ్ము లెక్క వేరే చూడాలి.

ఆ లెక్క 1948లో రాజ్యం పోయిన తరువాతనే మొదలవుతుంది. సొంత ఆస్తిని ఆయన ట్రస్టుల పేర రాసేశారు. ట్రస్టుకు రాసిన సొమ్ము ఇచ్చినవాడు కూడా మళ్ళీ ముట్టుకోరాదు. ధర్మకర్తలు రాసిన షరతుల ప్రకారమే ఖర్చు పెట్టి లెక్క చూపాలి. ఇందులో కొన్ని కుటుంబం కోసమే. 1951 నాటి నగల ట్రస్టు అటువంటిదే. ఆ నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. కాని ధర్మ ట్రస్టు మాత్రం బీదల చదువుకూ వైద్యానికీ పెట్టినది. పంజాగుట్టలో 1964లో తెరిచిన ఎముకల ఆసుపత్రి దాని చలవే. అదే తరువాత నిమ్స్ అయింది. నిమ్స్ పేరు వినని కుటుంబం మనలో ఉండదు, దాని వెనుక సొమ్ము ఎవరిదో ఎరిగినవారే తక్కువ.

ఇంకొక మాట. 1965లో అయిదు టన్నుల బంగారం దేశానికి దానమిచ్చారని గొప్పగా చెబుతుంటారు. అసలు సంగతి 425 కిలోలు, అదీ ఆరున్నర శాతం వడ్డీకి ప్రభుత్వ బంగారు బాండ్లలో పెట్టినది. లేని దానం అంటగట్టడమెందుకు, ఉన్నది చాలదా!

మాసిన టోపీ, పాత షేర్వానీతోనే గడిపిన ఆయన 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి దగ్గరే ఖననం చేశారు.