చీపురు పక్కనే చరిత్ర పుస్తకం

అణగారిన కులాల పిల్లలకు చేతిపని నేర్పితే చాలునన్న వాదన మన విద్యాచర్చల్లో కొత్తది కాదు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల పిల్లలను సగం పూట బడికి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తికి పంపే పథకం తెచ్చింది. అది కులవిద్యేనని ద్రావిడ ఉద్యమం ప్రతిఘటించింది. మరుసటి ఏడాది కామరాజ్ ప్రభుత్వం దానిని రద్దు చేసింది. అయితే వృత్తివిద్య స్వభావరీత్యానే బానిసత్వమా? నానీ హెలెన్ బరోస్ జీవితం ఈ ప్రశ్నకు సూటిగా సమాధానమిస్తుంది.

ఆమె 1879లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఒక తరం ముందు వరకూ బానిసలుగా బతికిన కుటుంబంలో జన్మించారు. మెరుగైన చదువు కోసం తల్లి ఆమెను వాషింగ్టన్ నగరానికి తీసుకొచ్చింది. 1896లో ఉన్నత పాఠశాల విద్యను ప్రతిభతో పూర్తిచేసినా, ఆశించిన ఉపాధ్యాయ ఉద్యోగం దక్కలేదు. నల్లజాతిలోనే మేనిఛాయ తేలికగా ఉన్నవారికి దక్కే ఆదరణ, పలుకుబడి గల కుటుంబాల అండ తనకు లేకపోవడమే కారణమని ఆమె భావించారు. అణచివేతకు గురైన సమూహం లోపలా మెట్లుంటాయన్న చేదు నిజం, అంబేడ్కర్ చెప్పిన అంతరాల అసమానతను ఎరిగిన మనకు వింతగా తోచదు.

1900లో రిచ్‌మండ్‌లో జరిగిన నల్లజాతి బాప్టిస్టుల మహాసభలో, స్త్రీల సేవకు పురుషులే అడ్డుపడుతున్న తీరును ఇరవై ఒక్కేళ్ల నానీ ఎండగట్టారు. అక్కడే స్త్రీల ప్రత్యేక విభాగం ఏర్పడింది. దాని అండతో 1909లో వాషింగ్టన్ శివార్లలో ఆరెకరాల స్థలంలో బాలికల శిక్షణ పాఠశాల తెరిచారు. నాటి నల్లజాతి వృత్తి విద్యాసంస్థలు అనేకం తెల్ల ధనవంతుల విరాళాలపై ఆధారపడగా, ఈ బడిని ప్రధానంగా నల్లజాతి స్త్రీల చిన్న చిన్న చందాలే నిలబెట్టాయి. చందా ఇచ్చినవారిదే కనుక, పాఠ్యక్రమం కూడా వారిదే అయింది.

బైబిలు, స్నానం, చీపురు అన్నవి ఆ బడి గుర్తులు. ఇంటిపనితోపాటు నర్సింగ్, షార్ట్‌హ్యాండ్, పద్దుల నిర్వహణ, అచ్చుపని, చెప్పుల మరమ్మతు కూడా నేర్పారు. అంతకన్నా ముఖ్యం, నల్లజాతి చరిత్రను ప్రతి విద్యార్థినీ చదివి తీరాలన్న నియమం. చేతికి పని, మనసుకు తన జాతి గతం ఒకేచోట అందాయి. 1921లో ఆమె శ్రామిక స్త్రీల కోసం జాతీయ సంఘాన్నీ స్థాపించారు.

శుభ్రత, నడవడికలకు ఆమె ఇచ్చిన ప్రాధాన్యంలో, తెల్లవారి మెప్పుకు అర్హత సంపాదించాలన్న ధోరణి ఉందన్న విమర్శ నిరాధారం కాదు. అణగారినవారు గౌరవాన్ని మొదట రుజువు చేసుకోవాలన్న షరతు అన్యాయమైనదే. అయినా ఇంటిపనిని ఆమె తలరాతగా బోధించలేదు. శిక్షణకు, న్యాయమైన వేతనానికి తగిన వృత్తిగా నిలిపారు. పురుష నాయకత్వం బడిపై పెత్తనానికి పూనుకున్నప్పుడు లొంగలేదు. 1938లో మహాసభ మద్దతు ఉపసంహరించుకున్నా బడి ఆగలేదు. 1961లో మరణించేవరకూ ఆమే దానిని నడిపారు. 1964లో ఆ సంస్థకు ఆమె పేరు పెట్టారు.

రాజాజీ పథకం బిడ్డను తండ్రి వృత్తికి కట్టివేయజూసింది. నానీ పాఠశాల తల్లి చేసిన పనికే హక్కులను, చరిత్రను జోడించి, కొత్త వృత్తులకు దారి చూపింది. ఆ తేడాను గుర్తిస్తే, నైపుణ్య శిక్షణ పేరిట నేడు నడుస్తున్న ప్రతి కోర్సునూ మనం రెండు ప్రశ్నలు అడగాలి. అందులో కార్మిక హక్కుల పాఠముందా? ఫూలేకు, అంబేడ్కర్‌కు చోటుందా? లేకపోతే అక్కడ బిడ్డ చేతిలో మిగిలేది చీపురొక్కటే.